ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట

మన హాస్టల్లో ఎవరి సిస్టమ్ మొరాయించినా మొదట వినిపించే సలహా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టెయ్‌రా, అయిపోద్ది." నేనూ చాలామందికి అదే చెప్పాను. పోయిన దసరా సెలవుల తర్వాత చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో, తనంతట తానే రీస్టార్ట్ అవుతూనే ఉండే కంప్యూటర్‌ని ఏ వరుసలో చూడాలో ఇక్కడ రాస్తున్నాను. సెమిస్టర్ మధ్యలో మీలో ఎవరికో ఒకరికి తప్పకుండా పనికొస్తుంది.

షాపులో ఏం జరిగింది

తణుకు దగ్గర ఓ మండల కేంద్రంలో మా నాన్నకి డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తుంటారు. ఆ ఏడాది వాటితోపాటు ఒక పెద్ద పని ఒప్పుకున్నారు. మా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు తన ఊరి జ్ఞాపకాలు పుస్తకంగా రాశారు. ఆయన చేతిరాత చూసి నాన్న ఎనిమిది నెలలుగా పేజ్‌మేకర్‌లో టైపు చేస్తున్నారు. మొత్తం 214 పేజీలు. దీపావళి లోపు ప్రెస్సుకి ఇవ్వాలి.

నేను బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా షాపుకే వెళ్లాను. నాన్న కుర్చీలో కూర్చుని స్క్రీన్ వైపే చూస్తున్నారు. విండోస్ గుర్తు వస్తోంది, కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఠక్కున చీకటి. మళ్లీ మొదటికి.

"పొద్దుట్నుంచీ ఇదే వరసరా. మెకానిక్ కుర్రాణ్ణి పిలిస్తే ఫార్మాట్ చేయాలన్నాడు. మాస్టారి పుస్తకం అందులోనే ఉంది."

"ఇంకెక్కడా కాపీ లేదా నాన్నా?"

ఆయన జవాబు చెప్పలేదు. అర్థమైంది.

నా మొదటి తప్పు

ఇంజినీరింగ్ కొడుకుని కదా, వెంటనే కూర్చున్నాను. రెండు మూడుసార్లు వరుసగా బూట్ కాకపోతే విండోస్ తనే రిపేర్ స్క్రీన్ చూపిస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్ నొక్కాను. మధ్యలో ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. రాత్రి పదింటి దాకా పదకొండుసార్లు ఇదే పని చేశాను.

అలా ఆరిపోయిన ప్రతిసారీ, తిరుగుతున్న హార్డ్ డిస్క్‌కి కరెంటు తీసేసినట్టే. డిస్క్ మీద ఏదో రాస్తుండగా సిస్టమ్ పడిపోతే ఆ రాత సగంలో ఆగుతుంది. రోగం ఏమిటో తెలియకుండానే మందు వేయడం మొదలుపెట్టాను. ఆ మందే డిస్క్‌కి కీడు చేస్తోంది. ఆ రాత్రి పడుకున్నాక గానీ ఈ సంగతి తట్టలేదు.

మొదటి ప్రశ్న: ఏ దశలో పడిపోతోంది?

మర్నాడు పొద్దున్నే కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. మీరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

విండోస్ గుర్తు కూడా రాకముందే పడిపోతుంటే విండోస్‌కి సంబంధం లేదు. అది ఇంకా రంగంలోకే రాలేదు. ర్యామ్, ఎస్ఎంపీఎస్, ప్రాసెసర్ వేడి, మదర్‌బోర్డు, ఇరుక్కుపోయిన రీసెట్ బటన్, వీటిల్లో చూడాలి.

గుర్తు వచ్చాక, చుక్కలు తిరుగుతుండగా పడిపోతుంటే రెండు వైపులా అనుమానం ఉంటుంది. చెడిపోయిన డ్రైవర్ కావచ్చు, సగంలో ఆగిన అప్‌డేట్ కావచ్చు, డిస్క్ కావచ్చు. లేదా లోడ్ పెరిగేసరికి తట్టుకోలేని హార్డ్‌వేర్ కావచ్చు.

లాగిన్ అయ్యాక, కాసేపు పని చేశాక పడిపోతుంటే ముందు వేడి చూడండి, తర్వాత ఈమధ్య వేసిన సాఫ్ట్‌వేర్లు చూడండి.

మాది రెండో రకం. అందుకే తేల్చడం కష్టమైంది.

రెండో ప్రశ్న: విండోసా, హార్డ్‌వేరా?

ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి అలాగే వదిలేశాను. కొన్ని బోర్డులకి ఎఫ్2 నొక్కాలి. అరగంటైనా పడిపోలేదు. ప్రాసెసర్ వేడి 46 డిగ్రీలు చూపిస్తోంది, అంటే మామూలే. "అయితే విండోసే దొంగ" అనుకున్నాను. అక్కడే మళ్లీ తొందరపడ్డాను. బయోస్‌లో పడిపోతే హార్డ్‌వేర్ తప్పని కచ్చితంగా చెప్పొచ్చు. పడిపోకపోతే మాత్రం హార్డ్‌వేర్ బాగుందని చెప్పలేం. బయోస్‌లో ఉన్నంతసేపూ సిస్టమ్ మీద పెద్ద లోడ్ ఉండదు.

తేల్చే పరీక్ష వేరే ఉంది. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని బూట్ అయ్యేలా చేసుకున్నాను. షాపు సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, హార్డ్ డిస్క్ వైర్లు రెండూ ఊడదీశాను. ఇప్పుడు ఎన్నిసార్లు పడిపోయినా మాస్టారి పుస్తకానికి ఏమీ కాదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాను. లినక్స్ లోడ్ అవుతుండగా అదే ఠక్కు, అదే చీకటి.

విండోస్ లేదు, డిస్క్ లేదు, అయినా పడిపోయింది. అంటే తప్పు హార్డ్‌వేర్‌ది. ముందురోజు మెకానిక్ మాట విని ఫార్మాట్ చేసి ఉంటే పుస్తకం పోయేది, రీస్టార్ట్ మాత్రం అలాగే ఉండేది.

ఒక్కొక్కటే తీసి చూడడం

ఇక్కడ సూత్రం ఒకటే. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, ఫలితం రాసుకోవాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు రీసెట్ బటన్. క్యాబినెట్ ముందు వైపు నుంచి మదర్‌బోర్డుకి వచ్చే రెండు పిన్నుల రీసెట్ వైరు పీకేశాను. తేడా లేదు.

తర్వాత ర్యామ్. రెండు స్టిక్కులున్నాయి. తీసి, బంగారు రంగు అంచుని రబ్బరుతో మెల్లగా తుడిచి, ఒక్కోటి విడిగా పెట్టి చూశాను. రెండింటితోనూ పడిపోయింది. రెండూ ఒకేసారి చెడిపోవడం అరుదు కాబట్టి ర్యామ్‌ని పక్కన పెట్టాను.

మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు చూశాను. పైభాగం ఉబ్బినా, ఏదైనా కారినా అనుమానించాలి. అన్నీ చదునుగానే ఉన్నాయి.

మిగిలింది ఎస్ఎంపీఎస్. మనం స్విచ్ వేయగానే ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. ఎస్ఎంపీఎస్ తన వోల్టేజీలు నిలకడపడ్డాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు, "పవర్ గుడ్" అనే సిగ్నల్‌ని బూడిదరంగు వైరు మీద పంపుతుంది. అది వచ్చేదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. పని మధ్యలో వోల్టేజీ మరీ పడిపోతే ఆ సిగ్నల్ పోతుంది, ప్రాసెసర్ మళ్లీ రీసెట్‌లోకి వెళుతుంది. వోల్టేజీ కోలుకోగానే కథ మొదటికొస్తుంది. మాకు కనిపిస్తున్నది సరిగ్గా ఇదే కావచ్చు.

పక్కన మోటార్లు వైండింగ్ చేసే బాబాయి దగ్గర మల్టీమీటర్ తెచ్చాను. ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో నల్ల వైరుకి నల్ల ప్రోబ్, పసుపు వైరుకి ఎర్ర ప్రోబ్ పెట్టాను. అక్కడ 12 వోల్టులు ఉండాలి. 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 దాకా సరే. బయోస్‌లో 11.6 చూపించింది. లినక్స్ లోడ్ అవడం మొదలవగానే 11.1, తర్వాత 10.9, ఠక్కు. మీటరు నెమ్మది మనిషి. అది చూపించిన దానికన్నా అసలు పడిపోవడం ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

అయినా వెంటనే కొనలేదు. ఎదురుగా ఫోటో స్టూడియో వాళ్ల పాత సిస్టమ్‌లోంచి ఎస్ఎంపీఎస్ గంటసేపు అరువు తెచ్చి పెట్టాను. గంటా లినక్స్ నడిచింది. ఒక్కసారి కూడా పడిపోలేదు. అప్పుడు కొత్తది తెప్పించాం.

ఒక హెచ్చరిక: ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పొద్దు. లోపల 230 వోల్టుల వైపు కెపాసిటర్లు ప్లగ్ పీకాక కూడా కాసేపు చార్జి పట్టుకుని ఉంటాయి.

ముందు ఫైళ్లు, తర్వాత మరమ్మతు

కొత్త ఎస్ఎంపీఎస్ వచ్చాక డిస్క్ తగిలించి, విండోస్ జోలికి పోకుండా మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేశాను. డిస్క్ చదవడానికి మాత్రమే తెరుచుకుంది. మనకు కావాల్సిందీ అదే. మాస్టారి ఫోల్డర్‌ని నా ల్యాప్‌టాప్‌లోకి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. తెలుగు డీటీపీ చేసేవాళ్లకి ఇంకో మాట: అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలుతోపాటు ఆ ఫాంట్లు కూడా దాచుకోవాలి. అవి లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. ఒక పీడీఎఫ్ కూడా తీసిపెట్టుకుంటే మంచిది.

ల్యాప్‌టాప్ వాళ్లకి ఇంకో జాగ్రత్త. బిట్‌లాకర్ వేసి ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి చూసినా డిస్క్ తెరుచుకోదు. 48 అంకెల రికవరీ కీ కావాలి. అది ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి.

తర్వాత విండోస్ ఆన్ చేస్తే రిపేర్ స్క్రీన్ దగ్గరే తిరగడం మొదలుపెట్టింది. ఇది రెండో జబ్బు, మొదటిదాని వల్ల వచ్చింది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి చెక్‌డిస్క్‌ని స్లాష్ ఎఫ్‌తో నడిపాను. రిపేర్ స్క్రీన్‌లో సి డ్రైవ్ పేరు డి అని మారి ఉండొచ్చు, ముందు లోపలి ఫోల్డర్లు చూసి నిర్ధారించుకోండి. పావుగంటలో విండోస్ లేచింది.

తప్పు విండోస్‌దే అయితే

పెన్‌డ్రైవ్ నుంచి హాయిగా నడిచి, విండోస్‌లో మాత్రమే పడిపోతుంటే దారి వేరు. రిపేర్ స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కణ్ణుంచి స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. 9 నొక్కితే ఎర్రర్ వచ్చినప్పుడు తనంతట తాను రీస్టార్ట్ అవడం ఆగుతుంది. నీలం తెర నిలబడుతుంది, దాని మీదున్న కోడ్ రాసుకోవచ్చు. 4 నొక్కితే సేఫ్ మోడ్. అందులో నడిస్తే చివరగా వేసిన డ్రైవర్‌నో అప్‌డేట్‌నో తీసేయండి.

2024 జులై 19న ప్రపంచమంతా జరిగింది ఈ రకమే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. మరమ్మతు మాత్రం సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడమే. ఫార్మాట్ అక్కర్లేదు.

చివరికి

పుస్తకం మొత్తం దక్కిందని రాయాలని ఉంది. కానీ ఆఖరి అధ్యాయం ఫైలు తెరుచుకోలేదు. తొమ్మిది పేజీలు. నాన్న సేవ్ చేస్తుండగా మొదటిసారి పడిపోయినప్పుడు పోయిందో, నా పదకొండు ప్రయత్నాల్లో పోయిందో చెప్పలేను. నావల్ల కాదని మాత్రం అనలేను.

మాస్టారింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "రాతప్రతి ఉంది కదా నాయనా, కూర్చో" అన్నారు. మిగిలిన సెలవుల్లో రెండు రోజులు షాపులో ఆయన పక్కన కూర్చుని చదివారు, నేను టైపు చేశాను. అప్పటిదాకా నాకు తెలుగు టైపింగ్ రాదు. ఒక పేజీకి గంటన్నర పట్టింది. నాన్న ఎనిమిది నెలలు ఏం చేశారో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నాన్న ప్రతి సాయంత్రం షాపు మూసేముందు ఆ రోజు పని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని జేబులో వేసుకుని ఇంటికెళ్తున్నారు. మీ ప్రాజెక్ట్ రిపోర్టుకి రెండో కాపీ ఉందా? లేకపోతే ఈ పేజీ మూసి ముందు ఆ పని చూడండి.