మీ రాడార్‌కు ఏది కనబడకూడదు?

యుద్ధవిమాన సిమ్యులేటర్‌కు రాడార్ మోడ్ చేద్దామని కూర్చునే కుర్రాళ్లు ఎక్కువగా తెరతో మొదలుపెడతారు. గుండ్రటి గాజు, ఆకుపచ్చ కాంతి, మెరిసే చుక్కలు. శత్రు విమానాలు ఎక్కడున్నాయో గేమ్‌కు ముందే తెలుసు. వాటిని తెచ్చి తెరమీద చుక్కలుగా పెట్టేస్తే పనైపోయిందనుకుంటారు. జవాబులు పక్కన పెట్టుకుని పరీక్ష రాస్తే ఏం వస్తుందో ఇక్కడా అదే వస్తుంది.

ఒక్క విమానం ఎంచుకోండి, అందులో ఒక్క పరికరం. ఐఎల్-2 స్టర్మోవిక్: 1946 లాంటి గేమ్‌తో కుస్తీ పట్టేవారికి 1940 నాటి బ్రిటిష్ బ్యూఫైటర్ మంచి గురువు. దాని ఏఐ (ఎయిర్‌బోర్న్ ఇంటర్‌సెప్షన్) మార్క్ 4 రాడార్ ఒకటిన్నర మీటర్ల తరంగాలతో పనిచేసేది. రెండు ట్యూబులుండేవి: ఒకటి కుడిఎడమలు చెప్పేది, రెండోది పైనా కిందా. తెర మధ్య గీతకు ఏ వైపు బ్లిప్ (ఎకో గుర్తు) పొడుగ్గా ఉంటే శత్రువు ఆ వైపున్నట్టు. ఆ ట్యూబులు వెనక కూర్చున్న ఆపరేటర్ దగ్గరుండేవి. పైలట్‌కు తెర లేదు. ఆపరేటర్ ఇంటర్‌కమ్‌లో చెబుతుంటే చీకట్లో విమానం తిప్పేవాడు. 1940 నవంబరులో బ్రిటిష్ పైలట్ జాన్ కన్నింగ్‌హామ్ జర్మన్ బాంబర్ జంకర్స్ 88ను కూల్చింది ఇలాగే. కాబట్టి మీ మోడ్‌లో పైలట్‌కు తెర ఇవ్వకండి, గొంతు వినిపించండి. ఇదొక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇక అసలు పాఠం. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. వెళ్లి తిరిగి రావాలి గనుక ఒక్కో మైక్రోసెకను 150 మీటర్ల దూరానికి లెక్క. 3 కిలోమీటర్ల అవతలున్న విమానం నుంచి ఎకో 20 మైక్రోసెకన్లకు చేరుతుంది. మీరు ఎగురుతున్న ఎత్తు కూడా 3 కిలోమీటర్లే అనుకోండి. సరిగ్గా అప్పుడే కింద నేల నుంచీ ఎకో వస్తుంది, ఎన్నో రెట్లు బలంగా. అంతకంటే దూరాన ఉన్నదంతా ఆ వెలుగులో మునిగిపోతుంది. అంటే ఆ రాడార్ చూపు విమానం ఎత్తును దాటదు; కిందికి దిగేకొద్దీ చూపు తగ్గుతుంది. మరీ దగ్గరికి, సుమారు 120 మీటర్లలోపుకు వెళ్లినా బ్లిప్ మాయమే. పైగా దూరం రెట్టింపయితే ఎకో బలం పదహారో వంతుకు పడిపోతుంది.

ఇవన్నీ కోడ్‌లో రాశాక ఒక పరీక్ష పెట్టండి. మీ విమానాన్ని 1,500 మీటర్ల ఎత్తున ఉంచి, 2,000 మీటర్ల ముందు శత్రువును నిలపండి. బ్లిప్ కనబడిందా, కోడ్ మళ్లీ రాయాల్సిందే.

ఈ లెక్కలు ఇంటర్ ఫిజిక్స్ చదివినవారికి అందేవే. చదివిన ముక్క నిజంగా వంటబట్టిందో లేదో ఇంత నిక్కచ్చిగా చెప్పే సాధన నాకు మరొకటి తోచదు. ఒక పరికరం ఎక్కడ, ఎందుకు ఓడిపోతుందో విడమరచి చెప్పగలిగే మనిషికి ఇంటర్వ్యూలో బట్టీపట్టిన జవాబులతో పని ఉండదు.

ఒత్తిడి వస్తుంది. “అన్నా, దూరం కాస్త పెంచు, ఏమీ కనిపించట్లేదు” అంటారు ఆడేవాళ్లు. పెంచకండి. కావాలంటే సులువైన కూర్పు వేరేగా ఇవ్వండి, అసలుదాన్ని ముట్టుకోవద్దు. పదిమంది మెప్పు కోసం తెలిసి తెలిసి తప్పు పెట్టడం ఒకసారి అలవాటైతే, రేపు ఉద్యోగంలోనూ చెయ్యి అటే పోతుంది.

ఇది కుదిరాక జర్మన్ లిక్టెన్‌స్టైన్ రాడార్ మీద పడండి. 1943 జులైలో హాంబర్గ్ మీదికి వచ్చిన బ్రిటిష్ బాంబర్లు అల్యూమినియం పూత పూసిన కాగితపు పట్టీలు వెదజల్లితే, ఆ తెరలు దొంగ బ్లిప్‌లతో నిండిపోయాయి. ఒక్కో పట్టీ పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు. ఆ పొడవే ఎందుకు కోశారో జర్మన్ రాడార్ల తరంగదైర్ఘ్యాలతో లెక్కగట్టి తేల్చుకున్నాకే కోడ్ తెరవండి.