ధైర్యం ముందా, అడుగు ముందా?

ఆదివారం పూజలో మొదటి పఠనం చదవమని అడిగితే కొందరు "అమ్మో, నా వల్ల కాదు" అంటారు. బడిలో తల్లిదండ్రుల సమావేశంలో నాలుగు మాటలు చెప్పమంటే వెనుక వరుసలోకి జరుగుతారు. పొదుపు సంఘానికి నాయకత్వం వహించమంటే "నాకంత చదువు లేదు" అని తప్పుకుంటారు. వీరు తెలివి లేనివారా? కానే కాదు. ఇల్లు నడుపుతున్నారు, అప్పులు తీరుస్తున్నారు, పిల్లలను చదివిస్తున్నారు. ముందు ధైర్యం రావాలి, ఆ తరువాతే పని మొదలుపెట్టాలి అన్న అభిప్రాయమే వీరిని వెనక్కి లాగుతోంది. నిజానికి చాలాసార్లు అడుగే ముందు, ధైర్యం దాని వెనుక వస్తుంది.

ఆత్మవిశ్వాసం అంటే ఏమిటి?

"అందరికంటే నేనే గొప్ప" అనుకోవడం అహంకారం. "ఈ పని చేయగలను, రానిది నేర్చుకోగలను" అనుకోవడం ఆత్మవిశ్వాసం. ఒకే మనిషికి ఇది ఒక పనిలో నిండుగా, మరొక పనిలో కొరతగా ఉండవచ్చు. వందమందికి వండి వడ్డించగల తల్లి బ్యాంకులో ఫారం నింపడానికి జంకవచ్చు. కనుక "నేను పిరికివాణ్ణి" అని మనపై మనమే తీర్పు చెప్పుకోవడం తగదు.

అది ఎలా పెరుగుతుంది?

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఇందుకు నాలుగు ఆధారాలను వివరించాడు.

1. స్వయంగా చేసి సాధించిన అనుభవం. అన్నిటిలోకి ఇదే బలమైనది.
2. మనలాంటివారు చేయగా చూడడం.
3. మనం నమ్మినవారి ప్రోత్సాహం.
4. మన శరీర స్థితిని మనం అర్థం చేసుకునే తీరు. గుండె దడదడలాడితే అది ఓటమికి గుర్తు కాదు. శరీరం పనికి సిద్ధమవుతోందని అనుకోవచ్చు.

పాములంటే విపరీతంగా భయపడేవారితో ఆయన ప్రయోగాలు చేశాడు. వారికి ఉపన్యాసాలు చెప్పి ఊరుకోలేదు. ముందు మరొకరు పామును పట్టుకోవడం చూపించారు. తరువాత తోడు ఉండి, కొంచెం కొంచెంగా దగ్గరకు నడిపించారు. చివరకు వారే స్వయంగా ముట్టుకోగలిగారు.

దూబగుంట చెప్పిన పాఠం

మన తెలుగు నేల మీదే దీనికి గొప్ప నిదర్శనం ఉంది. 1990 దశకం తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. చదువు కోసం ఒకచోట కూర్చున్న స్త్రీలు తమ కష్టాలు చెప్పుకోసాగారు. దూబగుంట స్త్రీలు కలిసికట్టుగా తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ కథ పాఠంగా ఇతర గ్రామాలకు చేరింది. "వాళ్ళు చేశారు, మనం చేయలేమా?" అన్న ప్రశ్న పుట్టింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించినా, ఆ స్త్రీలు తమ గొంతులో ఉన్న బలాన్ని తెలుసుకున్నారు. వారు రాష్ట్రాన్ని మార్చాలని బయలుదేరలేదు. తమ ఊరి దుకాణంతో మొదలుపెట్టారు.

నాయకుడి బాధ్యత

ఐగుప్తుకు వెళ్ళమని దేవుడు పిలిచినప్పుడు మోషే తాను మాటకారిని కానని వెనుదీశాడు. ఆయనకు అన్న అహరోను తోడుగా దొరికాడు. తోడు తీసుకోవడం బలహీనత కాదు. కాని తోడు వేరు, స్థానాన్ని ఆక్రమించడం వేరు. నేడు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. అయినా కొన్నిచోట్ల భార్య సంతకం పెడుతుంది, భర్త మాట్లాడతాడు. అలాంటప్పుడు ఆమెకు స్వయంగా చేసిన అనుభవం ఎలా కలుగుతుంది? మంచి నాయకుడు తానే అన్నీ చేయడు. కొత్తవారికి చేయగలిగినంత చిన్న పని అప్పగించి, పక్కన నిలబడి, తరువాత పక్కకు తప్పుకుంటాడు.

ఇంట్లో కూడా ఇదే సూత్రం. కరెంటు బిల్లు కట్టడం, దుకాణంలో లెక్క చూడడం వంటి పనులు పిల్లలకు అప్పగించండి. తప్పు చేస్తే పదిమందిలో నవ్వకండి. ఊరికే పొగడకండి, బాగా చేసినదేదో గుర్తించి చెప్పండి. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకండి. నిన్నటి తనతో నేటి తనను పోల్చుకోవడం నేర్పండి. మోయలేని పని ఒక్కసారిగా నెత్తిన పెడితే, తొలి ఓటమితోనే ఉన్న ధైర్యం కూడా పోతుందని మరువకండి.

ఈ వారం సాధన

కుటుంబంలో ప్రతి ఒక్కరూ భయపడి వాయిదా వేస్తున్న ఒక చిన్న పనిని చెప్పండి. దానిని మూడు మెట్లుగా విడదీయండి. పఠనం చదవాలంటే మొదట ఇంట్లో గట్టిగా చదవండి, తరువాత ఖాళీ గుడిలో మైకు ముందు చదవండి, ఆ పైన ఆదివారం చదవండి. ఈ వారం మొదటి మెట్టు చాలు. వచ్చే ఆదివారం భోజనాల వేళ ఎవరు ఎంతవరకు వచ్చారో ఒకరికొకరు చెప్పుకోండి.