బాధ్యత అప్పగించడమూ అమానతే

మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ముస్లింలు నివసించే ఏ ఊరికి వెళ్ళినా ఒక మస్జిదు, దాన్ని అంటిపెట్టుకుని పిల్లలు ఖుర్ఆన్ నేర్చుకునే ఒక మక్తబు, ఊరి చివర ఒక ఖబరస్తాన్ కనిపిస్తాయి. కొన్నిచోట్ల మద్రసా, బైతుల్‌మాల్, నిఖా మహల్ కూడా ఉంటాయి. వీటిని కట్టింది కోటీశ్వరులు కాదు. పత్తి తీతలకు, మిర్చి కోతలకు వెళ్ళిన కూలీలు, యార్డులో టిక్కీలు మోసిన హమాలీలు, కౌలు రైతులు, దూది ఏకి బతికిన నూర్‌బాషా కుటుంబాలు, చిన్న దుకాణదారులు తలా కొంచెం వేసిన చందాలతో ఇవి లేచాయి.

ఇలాంటి ప్రతి సంస్థ వెనుకా సాధారణంగా ఒకే ఒక్క మనిషి కష్టం ఉంటుంది. ఆయనే సదర్, ఆయనే ఖజాంచి. రసీదు పుస్తకం ఆయన జేబులో, దస్తావేజులు ఆయన ఇంటి పెట్టెలో, ఎవరు ఎంత బాకీయో ఆయన జ్ఞాపకంలో ఉంటాయి. ఆయన నిజాయితీని ఎవరూ శంకించరు. కానీ ఒకరోజు ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకుంటారు. జనాజా నమాజ్ అయిన వారానికే ప్రశ్నలు మొదలవుతాయి. బ్యాంకులో సంతకం ఎవరిది? దుకాణాల అద్దె ఎవరు వసూలు చేయాలి? ఖబరస్తాన్ హద్దులు ఎవరికి తెలుసు? జవాబు చెప్పగలిగిన మనిషి మట్టిలో ఉన్నారు. ఆ తరువాత ఊరు రెండు వర్గాలవుతుంది. ముప్ఫై ఏళ్ళ సేవ మూడు నెలల తగాదాలో కరిగిపోతుంది.

సోదర సోదరీమణులారా! అమానత్ అంటే దాన్ని భద్రంగా కాపాడటం మాత్రమే అనుకుంటాం. దాన్ని అర్హులకు సక్రమంగా అప్పగించినప్పుడే అమానత్ పూర్తవుతుంది. అమానతులను వాటికి తగినవారికి అప్పగించమని అన్నిసా సూరా 58వ ఆయత్‌లో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఈ ఆజ్ఞ మస్జిద్ కమిటీకి, మద్రసాకు, బైతుల్‌మాల్‌కు ఎలా వర్తిస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అనాథ ఆస్తి నేర్పే నాలుగు మెట్లు

హజ్రత్ ఉమర్ (రజి) ప్రజల ఖజానా విషయంలో తనను తాను అనాథ పిల్లల సంరక్షకునితో పోల్చుకునేవారు. అవసరం లేకపోతే దానిలో నుంచి ఏమీ తీసుకోకూడదని, అవసరమైతే ధర్మసమ్మతంగా మాత్రమే తీసుకోవాలని ఆయన నియమం. కనుక సామూహిక సొమ్ము చూసేవారు అనాథ ఆస్తి గురించిన దైవాదేశాన్ని శ్రద్ధగా చదవాలి. అది అన్నిసా సూరా 6వ ఆయత్.

ఆ ఆయత్‌లో సంరక్షకునికి నాలుగు మెట్లు కనిపిస్తాయి. మొదటిది, అనాథలను యుక్తవయసు వచ్చేదాకా పరీక్షిస్తూ ఉండాలి. రెండవది, వారిలో వివేకం ఏర్పడిందా అని గమనించాలి. మూడవది, ఏర్పడినట్లు కనిపిస్తే ఆస్తిని వారికి అప్పగించివేయాలి. నాలుగవది, అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలి. పిల్లలు పెద్దవారై తమ ఆస్తి అడుగుతారన్న తొందరతో దాన్ని తినివేయకూడదని కూడా అక్కడే హెచ్చరిక ఉంది.

గమనించండి! సంరక్షకుడు ఎంత మంచివాడైనా అతని బాధ్యతకు ఒక ముగింపు ఉంది. ఆ ముగింపు కోసం అతడు మొదటి రోజు నుంచే సిద్ధం కావాలి. పరీక్షించడం అనే మాట భవిష్యత్తుకు సంబంధించినది. బాధ్యత ఇవ్వకుండా ఎవరినీ పరీక్షించలేం. మన సంస్థల్లో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాం.

మొదటి మెట్టు: పరీక్షించడం, తీర్చిదిద్దడం

హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 629) దైవప్రవక్త (స) మూతా వైపు మూడువేల మంది సైన్యాన్ని పంపారు. నాయకునిగా హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి)ను నియమించారు. ఆయన అమరులైతే హజ్రత్ జాఫర్ బిన్ అబీతాలిబ్ (రజి), ఆయన కూడా అమరులైతే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) నాయకత్వం వహించాలని ముందే చెప్పారు. ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు అమరులయ్యారు. అప్పుడు ముస్లింలు హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను ఎన్నుకున్నారు. ఆయన సైన్యాన్ని నేర్పుగా వెనక్కి తీసుకువచ్చారు. అంతటి ఆపదలోనూ జెండా నేల మీద పడలేదు. కారణం, తరువాత ఎవరన్న ప్రశ్నకు ముందే జవాబు ఉండటం. నిర్ణయించిన పేర్లు అయిపోయినప్పుడు కూడా సంప్రదించి ఎన్నుకోగల సమర్థత ఆ సమూహంలో ఉండటం.

తన చివరి రోజుల్లో దైవప్రవక్త (స) ఇరవై ఏళ్ళు కూడా నిండని హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)కు సైన్యాధిపత్యం ఇచ్చారు. కొందరు ఆయన చిన్న వయసు గురించి మాట్లాడితే, ఉసామా ఆ బాధ్యతకు తగినవాడేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. తాయిఫ్ నుంచి వచ్చిన సఖీఫ్ ప్రతినిధుల్లో అందరికన్నా చిన్నవారైన హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)ను ఆ తెగకు నాయకునిగా చేశారు. ధర్మాన్ని, ఖుర్ఆన్‌ను నేర్చుకోవాలన్న తపన ఆయనలో ఎక్కువగా ఉండటమే దానికి కారణం.

మరి మన దగ్గర? యువకులను రమజాన్‌లో ఇఫ్తార్ వడ్డనకు, ఈద్‌గాహ్‌లో చాపలు పరచడానికి పిలుస్తాం. లెక్కలు రాసేటప్పుడు పిలవం. మిర్చి రైతుకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. నారు పోసి, సుమారు నలభై రోజులు పెంచితేనే చేలో నాటడానికి మొక్క ఉంటుంది. నారుమడి లేకుండా నాట్లు వేయాలనుకునే రైతు ఉండడు. నాయకత్వానికి కూడా నారుమడి కావాలి. ఒక యువకునికి ఏడాది పాటు మక్తబు హాజరు, ఫీజుల బాధ్యత ఇవ్వండి. మరొకరికి దుకాణాల అద్దె వసూలు, ఇంకొకరికి బైతుల్‌మాల్ దరఖాస్తుల విచారణ ఇవ్వండి. తప్పు చేస్తే ఏకాంతంలో సరిదిద్దండి. అదే ఆయత్ చెప్పిన పరీక్ష.

రెండవ మెట్టు: అర్హతను గుర్తించడం

అర్హత అంటే ఏమిటి? అల్ ఖసస్ సూరా 26వ ఆయత్‌లో, హజ్రత్ మూసా (అలైహి)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన కుమార్తె రెండు గుణాలు చెప్పింది. ఒకటి బలం, అంటే ఆ పని చేయగల సామర్థ్యం. రెండవది నమ్మకం. ఈ రెండూ కలిసి ఉండాలి. నమ్మకస్తుడే కానీ లెక్క రాయలేని ఖజాంచి వల్ల సంస్థకు నష్టం. లెక్క బాగా వచ్చి నమ్మకం లేనివాని వల్ల అంతకన్నా నష్టం.

హజ్రత్ అబూజర్ (రజి) భక్తిలో, సత్యసంధతలో ఎంత గొప్పవారో మనకు తెలుసు. అయినా ఆయన ఒక పదవి కోరినప్పుడు, ఆ బాధ్యత మోయడంలో ఆయన బలహీనులని, అది అమానత్ అని, తీర్పుదినాన అవమానానికి కారణం కావచ్చని దైవప్రవక్త (స) ప్రేమతో హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మంచి నమాజీ అయినంత మాత్రాన ప్రతి పదవికీ తగినవారని కాదు.

ఇక ధనం సంగతి. తాలూత్‌ను రాజుగా నియమించినప్పుడు ఇస్రాయీల్ సంతతివారు ఆయనకు సంపద లేదని అభ్యంతరం చెప్పారు. అల్లాహ్ ఆయనకు జ్ఞానంలోనూ, దేహబలంలోనూ ఆధిక్యత ఇచ్చాడని వారికి జవాబు వచ్చింది (అల్ బఖరా 247). ఎక్కువ చందా ఇచ్చినవారినే సదర్‌గా కూర్చోబెట్టే మన అలవాటును ఈ ఆయత్ వెలుగులో మరోసారి ఆలోచించుకోవాలి. చందా ఇచ్చినవారికి దుఆ చేద్దాం. బాధ్యత మాత్రం మోయగలిగినవారికి ఇద్దాం.

కుమారునికి ఇవ్వవచ్చా?

ఇది చాలామంది మనసులో ఉండి బయటకు రాని ప్రశ్న. హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోనే దీనికి రెండు వైపుల నుంచీ జవాబు దొరుకుతుంది.

ఆయనకు ఖైబర్‌లో విలువైన భూమి లభించింది. దాన్ని ఏం చేయాలని దైవప్రవక్త (స)ను అడిగారు. భూమిని అలాగే నిలిపి, దాని ఫలసాయాన్ని దానం చేయమని ఆయన (స) సలహా ఇచ్చారు. అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు, వారసత్వంగా పంచుకోకూడదు అన్న షరతులతో అది వక్ఫ్ అయింది. పేదలు, బంధువులు, బాటసారులు, అతిథులు మొదలైనవారికి దాని ఫలసాయం చేరేది. తన తరువాత దాన్ని ఎవరు చూడాలో కూడా హజ్రత్ ఉమర్ (రజి) రాయించారు. తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) జీవించి ఉన్నంతకాలం ఆమె, ఆ తరువాత కుటుంబంలో వివేకం గలవారు. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వక్ఫ్ నిర్వహణ ఒక స్త్రీకి అప్పగించబడింది. ఆమె తరువాత కుటుంబంలో ఎవరైనా సరే అని రాయలేదు, వివేకం అన్న షరతు పెట్టారు.

అదే ఉమర్ (రజి) హిజ్రీ 23లో కత్తిపోట్లకు గురై మరణశయ్య మీద ఉన్నప్పుడు, ఖలీఫాను ఎన్నుకోవడానికి ఆరుగురు సహాబాలతో సంఘం ఏర్పాటు చేశారు. మూడు రోజుల గడువు ఇచ్చారు. అంతవరకు నమాజ్ చేయించే పని హజ్రత్ సుహైబ్ (రజి)కు అప్పగించారు. తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సంప్రదింపుల్లో ఉండవచ్చు, కానీ పదవికి ఎన్నిక కాకూడదన్నారు.

కనుక రక్తసంబంధం అర్హతా కాదు, అనర్హతా కాదు. తన సొంత ఆస్తిని వక్ఫ్ చేసినవారు కుటుంబంలోని యోగ్యులను ముతవల్లీగా రాయవచ్చు. ప్రజల చందాలతో నిలిచిన సంస్థలో మాత్రం నిర్ణయం సంప్రదింపుతోనే జరగాలి. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపుతో నడుస్తాయని అష్షూరా సూరా 38వ ఆయత్ తెలియజేస్తోంది.

మూడవ మెట్టు: అప్పగించి పక్కకు తప్పుకోవడం

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. పదవి దిగితే పరువు పోతుందని పెద్దలు భావిస్తారు. యుద్ధాల్లో విజయాలు సాధించిన హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను హజ్రత్ ఉమర్ (రజి) సిరియాలో సర్వసైన్యాధిపత్యం నుంచి తప్పించి, హజ్రత్ అబూ ఉబైదా (రజి)ను నియమించారు. ఖాలిద్ (రజి) అలిగి ఇంటికి వెళ్ళలేదు. కొత్త నాయకుని కింద అదే ఉత్సాహంతో పోరాడారు. పదవి దిగినవారు సలహాదారుగా సభలో కూర్చుంటే సంస్థకు రెండింతల బలం. యువకులు కూడా ఆయన సలహా అడగటం తమ ధర్మమని గ్రహించాలి.

మన దేశంలోని మద్రసాల చరిత్ర కూడా ఇదే నేర్పుతుంది. 1866లో మొదలైన దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్ కోసం మౌలానా ముహమ్మద్ ఖాసిం నానౌతవీ ఎనిమిది సూత్రాలు రాశారు. నిర్వాహకుడు తప్పక సంప్రదించాలని, సభ్యులు తమ మాటే నెగ్గాలని పట్టుబట్టకూడదని వాటి సారాంశంలో ఉంది. ఆయన 1880లోనే మరణించారు. సంస్థ ఆగలేదు. ఎందుకంటే అది మనిషితో పాటు పద్ధతి మీద కూడా నిలబడింది. అదే సంస్థలో శతాబ్దం తరువాత నిర్వహణ విషయంలో విభేదాలు ముదిరి, 1982లో దారుల్ ఉలూమ్ వక్ఫ్ పేరుతో మరో సంస్థ ఏర్పడింది. ఇరువైపులా ఉన్నది గొప్ప ఆలిములే. అంతటివారికే ఈ మెట్టు కష్టమైనప్పుడు, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

నాలుగవ మెట్టు: సాక్షులు, కాగితాలు

అప్పు విషయంలో రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని అల్ బఖరా 282వ ఆయత్ ఆదేశిస్తుంది. రాయడం అంటే అనుమానించడం కాదు. రెండు వైపులా గౌరవాన్ని కాపాడటం.

ఈ రోజుల్లో దీని అవసరం మరింత పెరిగింది. 1995 నాటి వక్ఫ్ చట్టం ప్రకారం ముతవల్లీ ఏటా లెక్కలను వక్ఫ్ బోర్డుకు సమర్పించాలి. 2025లో ఆ చట్టం సవరించబడింది, దాని పేరు కూడా మారింది. నమోదైన వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలన్న నిబంధన వచ్చింది. ఆ పోర్టల్ 2025 జూన్ 6న ప్రారంభమైంది. దస్తావేజు నకలు, సర్వే నంబరు, హద్దులు చేతిలో ఉన్న కమిటీలకు అది కొంత శ్రమ. పాత ముతవల్లీ పెట్టె తాళం కోసం వెతికే కమిటీలకు అది పెద్ద ఆపద. చినకాకాని వద్ద ఉన్న అంజుమనె ఇస్లామియా భూముల విషయం 2025లో గుంటూరులో ఎంత చర్చకు దారి తీసిందో పాఠకులకు తెలుసు. ఆస్తి ఎంత విలువైనదైతే, దాని గురించి తెలిసినవారు అంత ఎక్కువమంది ఉండాలి.

సొసైటీగా నమోదైన సంస్థలకు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపడం, కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు పంపడం దాని నియమాలు. ఈ జాబితా ఏళ్ళ తరబడి పంపకపోతే, తగాదా వచ్చినప్పుడు అసలు కమిటీ ఏదో నిరూపించడమే కష్టమవుతుంది.

ఈ ఏడాది చేయవలసిన పనులు

మిర్చి అమ్మకాలు ముగిసి, చేతిలో కొంత తీరిక ఉండే వేసవిలో ప్రతి కమిటీ ఈ అయిదు పనులు చేసుకుంటే మంచిది.

1. సంస్థ ఆస్తులు, అద్దెలు, బాకీలు, జీతాలు అన్నీ ఒకే పుస్తకంలో తెలుగులో రాయాలి. ఉర్దూ, పార్సీ దస్తావేజులుంటే వాటి సారాంశం కూడా తెలుగులో రాసి ఉంచాలి. తరువాతి తరానికి ఆ లిపులు రాకపోవచ్చు.

2. దస్తావేజుల నకళ్ళు మూడు చోట్ల ఉండాలి. అసలువి బ్యాంకు లాకరులో ఉంటే మేలు.

3. బ్యాంకు ఖాతాకు కనీసం ఇద్దరి సంతకం ఉండాలి. సంతకందారు మారినప్పుడు తీర్మానం రాసి, సభ్యుల సంతకాలు తీసుకోవాలి.

4. సదర్, కార్యదర్శి, ఖజాంచి ముగ్గురికీ ఒక్కొక్క సహాయకుణ్ణి నియమించి, పదవీకాలం ఎన్నేళ్ళో నియమావళిలో రాయాలి.

5. మన ఇళ్ళలో చదువుకున్న సోదరీమణులు ఎందరో ఉన్నారు. మక్తబు, బైతుల్‌మాల్, లెక్కల విషయాల్లో వారి సలహా తీసుకోవాలి. హజ్రత్ హఫ్సా (రజి) ఆదర్శం మన ముందే ఉంది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలంటారు. మనిషి మరణించాక కూడా పుణ్యం అందించే వాటిలో నిరంతర దానం ఒకటని దైవప్రవక్త (స) తెలియజేశారు. మస్జిదు కట్టినవారు, మద్రసా నడిపినవారు అదే పుణ్యాన్ని ఆశిస్తారు. ఆ దానం నిరంతరం సాగాలంటే దాన్ని నడిపే చేతులు కూడా నిరంతరం ఉండాలి. తన తరువాత ఆ పని చేయగల ఇద్దరిని తయారుచేసి వెళ్ళినవారు, ఇన్షా అల్లాహ్, ఆ ఇద్దరి పుణ్యంలో కూడా భాగస్వాములవుతారు.

మన చేతుల్లో ఉన్న అమానతులను కాపాడే శక్తిని, వాటిని తగినవారికి సంతోషంగా అప్పగించే పెద్ద మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.