పొట్లం కొనేముందు

చి. శ్రీకాంత్‌కు,

ఉత్తరం అందింది. మీ నాన్న చేతిగడియారం మోచేతి దాకా జారుతోందని, ఎంత పెట్టినా ఒంటికి పట్టడం లేదని మీ అమ్మ కుమిలిపోతోందని రాశావు. ఆవిడ వంటలో లోపమేమీ లేదని ముందు చెప్పు. కేన్సర్ ఆకలిని చంపి, కండనూ కరిగిస్తుంది. ఉత్త తిండితో అది పూర్తిగా ఆగదు. ఆరు నెలల్లో అయిదు శాతానికి మించి బరువు తగ్గితే డాక్టర్లు దాన్ని కకెక్సియా అంటారు.

ఇక నువ్వు తెప్పిస్తానన్న చైనా మూలికల పొడి సంగతి. చైనా వైద్యాన్ని నేను తీసిపారేయను. 13వ శతాబ్దంలోనే లీ దొంగ్‌యువాన్ అనే వైద్యుడు అన్నింటికీ మూలం జీర్ణశక్తేనని ఏకంగా ఒక గ్రంథం రాశాడు. నీరసించి ఆకలి పోయినవాళ్లకు అక్కడ ఇచ్చే కషాయాల్లో ‘ఆరుగురు పెద్దమనుషుల కషాయం’ ఒకటి. జిన్‌సెంగ్, ఎండిన నారింజ తొక్క, మన అతిమధురం అందులో ఉంటాయి. జపాన్ వాళ్లు దానికే అల్లం, రేగుపండు చేర్చి రిక్కున్షితో అంటారు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చిన ఎలుకలకు దాన్ని పట్టిస్తే, పడిపోయిన ఆకలి హార్మోన్ గ్రెలిన్ మళ్లీ పెరిగిందనీ, అందులో నారింజ తొక్క పాత్ర ఉందనీ హొక్కైడో పరిశోధకులు 2008లో చూపారు. ముచ్చటైన పనే. కానీ అవి ఎలుకలు. మనుషుల్లో జరిగినవి చాలావరకు చిన్న పరీక్షలు. పోయిన కండ తిరిగొస్తుందని వాటిని పట్టుకుని చెప్పలేం.

పైగా అతిమధురం ఎక్కువైతే రక్తంలో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. వాంతులతో ఉన్న మనిషికి అది చాలా ప్రమాదం. 1990ల్లో బెల్జియంలో సన్నబడడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్లలో పలువురికి కిడ్నీలు పోయాయి. ఒక మూలికకు బదులు మరొకటి కలిసింది, అంతే! నువ్వు కొనే పొట్లంలో ఏముందో ఎవరు చెప్తారు?

మనకు దగ్గర్లో జరిగిన పని ఒకటుంది. పుదుచ్చేరి జిప్మర్ ఆస్పత్రిలో, కీమో తీసుకుంటున్న పొట్ట, లివర్, ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల్లో కొందరికి రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఓలాంజపిన్ ఇచ్చారు. మానసిక జబ్బులకు వాడే చవక మాత్రే అది. వాళ్లలో 60 శాతం మంది బరువు అయిదు శాతానికి మించి పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 9 శాతం మందికే అలా జరిగింది. ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. మీ నాన్నదీ పొట్ట కేన్సరే కదా.

ఈసారి కీమోకు వెళ్లినప్పుడు ఈ మాత్ర ఆయనకు పనికొస్తుందేమో డాక్టరుగారిని అడుగు. నీ అంతట నువ్వు మొదలుపెట్టకు. పొట్లం ఇప్పటికే కొనేసి ఉంటే, అదీ డాక్టరుగారి బల్ల మీద పెట్టు. దాచకు.

మీ పెద్దనాన్న