కనికట్టు – నమ్మాలన్న కోరిక

పిల్లలూ! పాఠంలోకి వెళ్లే ముందు ఒక చిన్న ఆట ఆడదాం.

1 నుంచి 10 వరకు ఏదైనా ఒక సంఖ్యను మనసులో అనుకోండి. పైకి చెప్పకండి. దాన్ని 9తో గుణించండి. జవాబులో రెండు అంకెలుంటే వాటిని కూడండి. ఒకటే అంకె ఉంటే అలాగే ఉంచండి. అందులోంచి 5 తీసేయండి. ఇప్పుడు మన అచ్చులను మొదటి నుంచి లెక్కపెడుతూ ఆ సంఖ్య దగ్గర ఆగండి. ఆ అక్షరంతో మొదలయ్యే, రెక్కలున్న ఒక చిన్న ప్రాణిని తలుచుకోండి.

ఈగే కదా?

మీరు జోధ్‌పూర్‌లో ఉన్నా, షిల్లాంగ్‌లో ఉన్నా, మీలో చాలామంది ఈగ దగ్గరికే వచ్చి ఉంటారు. ఇందులో మంత్రం ఏమీ లేదు. 1 నుంచి 10 వరకు ఏ సంఖ్యను 9తో గుణించినా, వచ్చిన అంకెల మొత్తం 9 అవుతుంది. అందులోంచి 5 తీస్తే 4. నాలుగో అచ్చు ‘ఈ’. ‘ఈ’తో మొదలయ్యే రెక్కల ప్రాణి అనగానే మనకు తట్టేది ఈగ ఒక్కటే. సంఖ్యను ఎంచుకున్నది మీరే, కానీ దారి వేసింది నేను.

ఒక్క క్షణం మీ మనసును గమనించండి. ‘ఈగే కదా?’ అన్న చోట మీకు ఆశ్చర్యం కలిగిందా? గుట్టు తెలిశాక ‘ఓస్, ఇంతేనా!’ అనిపించిందా? ఈ రెండింటి మధ్య చిన్న నిరాశ కూడా ఉంటుంది. ఈ పాఠం ఆ నిరాశ గురించే.

మాటల్లోనే ఉన్న రహస్యం

ఈ విద్యకు తెలుగులో ఎన్నో పేర్లున్నాయి. కనికట్టు అంటే కన్ను కట్టేయడం. ఇంద్రజాలంలో జాలం అంటే వల. గారడీ అన్న మాట గారుడం నుంచి వచ్చింది. పాములకు శత్రువైన గరుత్మంతుడి పేరు అందులో దాగి ఉంది. హస్తలాఘవం అంటే చేతి చురుకుదనం.

ఈ పేర్లలో కొన్ని చూసేవాడి గురించి చెబుతాయి, కొన్ని చేసేవాడి గురించి. ‘హస్తలాఘవం’ గారడీవాడి చేతి గురించి చెబుతుంది. ‘కనికట్టు’ మన కంటి గురించి చెబుతుంది. టీవీ వచ్చాక ఈ కనికట్టుకు కొత్త సాధనం దొరికింది. వీధిలో గారడీ చూసేటప్పుడు మనం తల తిప్పి ఎటైనా చూడగలం. టీవీలో కెమెరా చూపించినదే చూస్తాం, చూపించనిది లేదనే అనుకుంటాం.

1956 ఏప్రిల్‌లో మన దేశానికి చెందిన పి.సి. సర్కార్ లండన్‌లో బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమంలో ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసే ఇంద్రజాలం ప్రదర్శించారు. కోత అయ్యాక అమ్మాయి లేవలేదు. ఆమె ముఖంపై గుడ్డ కప్పేశారు. కార్యక్రమం ఉన్నట్టుండి ముగిసింది. ఆమె చనిపోయిందనుకుని జనం బీబీసీకి వరుసగా ఫోన్లు చేశారు. ఆమెకు ఏమీ కాలేదు. అదే గారడీని రంగస్థలం మీద చేసి ఉంటే చివర్లో అమ్మాయి నవ్వుతూ లేచి నిలబడేది. టీవీలో సమయం అయిపోవడమే గారడీని పదింతలు చేసింది.

దెయ్యాన్ని నమ్మనివాడు దేన్ని నమ్ముతాడు?

ఇంగ్లండ్‌లో డెరెన్ బ్రౌన్ అనే ప్రదర్శకుడు 2000 సంవత్సరం నుంచి టీవీలో మనసుకు సంబంధించిన వింతలు చూపిస్తున్నాడు. తనకు అతీంద్రియ శక్తులు లేవని అతనే చెబుతాడు. గారడీ, సూచన, మనస్తత్వ శాస్త్రం, దృష్టి మళ్లించడం, ప్రదర్శన నైపుణ్యం – వీటిని కలిపి వాడతానంటాడు.

2009 సెప్టెంబర్ 9న అతను టీవీలో ప్రత్యక్ష ప్రసారంలో బ్రిటన్ జాతీయ లాటరీ సంఖ్యలు ఆరింటినీ ముందే ఊహించినట్టు చూపించాడు. లాటరీ తీయక ముందే ఆరు బంతులు ఒక స్టాండు మీద వెనక్కి తిరిగి ఉన్నాయి. లాటరీ తీసిన తర్వాత వాటిని ముందుకు తిప్పాడు. ఆరూ సరిపోయాయి. రెండు రోజుల తర్వాత మరో కార్యక్రమంలో దానికి ఒక కారణం చెప్పాడు. 24 మంది చేత ఊహలు రాయించి, వాటి సగటు తీశాడట!

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. చాలామంది ఊహల సగటు కొన్ని విషయాల్లో నిజానికి దగ్గరగా వస్తుంది. ఒక సీసాలో ఎన్ని గోలీలున్నాయో తరగతిలో అందరినీ అడిగి సగటు తీసి చూడండి. గోలీలు కంటికి కనిపిస్తాయి, ప్రతివారికీ కొంత తెలుస్తుంది, తప్పులు అటూ ఇటూ పోయి సర్దుకుంటాయి. లాటరీ బంతి గురించి ఎవరికి ఏం తెలుసు? ఏమీ తెలియని 24 మందిని కలిపినా తెలిసేది సున్నాయే. అంటే అతను చెప్పిన కారణం కూడా గారడీలో భాగమే.

విచిత్రం ఏమిటంటే, దెయ్యాలనూ మంత్రాలనూ నమ్మనని చెప్పేవాళ్లకు ఈ కారణం ఎంతో ఇష్టంగా తోస్తుంది. ‘ఆత్మలు చెప్పాయి’ అంటే నవ్వుతారు. ‘మనస్తత్వ శాస్త్రం’ అంటే తల ఊపుతారు. రెండు చోట్లా ఋజువు లేదు, వేషం మాత్రమే మారింది. నమ్మాలన్న కోరిక అందరిలోనూ ఉంటుంది. హేతువాదిలో అది కాస్త చదువుకున్న మాటల కోసం ఎదురుచూస్తుంది. ఒక మనిషి మరో మనిషి మనసును పుస్తకంలా చదవగలిగితే ఎంత బాగుండునని నాకూ అనిపిస్తుంది. ఆ కోరికలో తప్పు లేదు. కోరికను ఋజువుగా లెక్కేయడంలోనే చిక్కు.

కనిపించని 7,775 మంది

2008లో అదే ప్రదర్శకుడు మరో కార్యక్రమం చేశాడు. ఒక మహిళకు ముందురోజే సందేశం వచ్చేది: ‘రేపు ఈ గుర్రం గెలుస్తుంది.’ అలాగే గెలిచింది. వరుసగా ఐదు పందాల్లోనూ అంతే జరిగింది. ఆమె నమ్మేసింది. మీరైనా నమ్మేవారే!

గుట్టు లెక్కల పుస్తకంలో ఉంది. ఆ సందేశాలు మొదట వెళ్లింది 7,776 మందికి. పందెంలో ఆరు గుర్రాలు. వారిని ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో గుర్రం పేరు పంపారు. గెలిచిన గుర్రం పేరు అందుకున్న 1,296 మంది మిగిలారు. తర్వాత 216, ఆ తర్వాత 36, ఆ తర్వాత 6, చివరికి ఒక్కరు. ఆ ఒక్కరే ఆమె. ఓడిన 7,775 మంది సంగతి ఆమెకు తెలియదు. తెలియనంతవరకూ అది అద్భుతమే.

అదే కార్యక్రమంలో అతను నాణెం ఎగరేసి వరుసగా పదిసార్లు బొమ్మ పడేలా చేశాడు. కెమెరాలో కోత లేదు. కానీ అలా పడేదాకా తొమ్మిది గంటలకు పైగా ఎగరేస్తూనే ఉన్నాడు. మనం చూసింది చివరి నిమిషం మాత్రమే.

అద్భుతం కనిపించినప్పుడల్లా ‘ఇది ఎలా సాధ్యం?’ అని అడుగుతాం. దానితోపాటు ‘నాకు చూపించనిది ఏమిటి?’ అని కూడా అడగాలి.

అమ్మ కోసం

హ్యారీ హుడినీ అమెరికాలో గొప్ప ఇంద్రజాలికుడు. సంకెళ్ల నుంచీ పెట్టెల నుంచీ తప్పించుకోవడంలో ఆయనకు ఆయనే సాటి. 1913లో ఆయన తల్లి చనిపోయింది. ఒక్కసారి ఆమె మాట వినాలని ఆయన కోరిక. షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ ఆయనకు స్నేహితుడు. ఆత్మలతో మాట్లాడవచ్చని డాయిల్ గట్టిగా నమ్మేవాడు. 1922లో అట్లాంటిక్ సిటీలో డాయిల్ భార్య, హుడినీ తల్లి ఆత్మ చెబుతోందంటూ పేజీలకు పేజీలు రాసి ఇచ్చింది.

అదంతా చక్కని ఇంగ్లీషులో ఉంది. హుడినీ తల్లికి ఇంగ్లీషు రాదు. పైగా కాగితం పైన సిలువ గుర్తు ఉంది. ఆమె యూదు మతగురువు భార్య.

హుడినీ ఎంత నమ్మాలనుకున్నాడో తలుచుకోండి. అయినా నమ్మలేదు. కోరిక పెద్దదైనా ఋజువు ఋజువే. డాయిల్‌తో స్నేహం చెడింది. దుఃఖంలో ఉన్నవారిని మోసం చేసే దొంగ మాంత్రికుల గుట్టు బయటపెట్టడానికి ఆయన తన చివరి సంవత్సరాలు వెచ్చించాడు. సందేహించేవాడు రాతిగుండెవాడని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

మీ మనసు చదవనా?

‘మీరు పైకి కలుపుగోలుగా కనిపిస్తారు కానీ, ఎవరినైనా నమ్మడానికి కొంత సమయం తీసుకుంటారు. విడిచి వచ్చిన ఒక స్నేహం మీకు ఇంకా గుర్తొస్తుంటుంది. ఇంట్లో చెప్పని దిగులు ఒకటి ఉంది. మీది ఏ ఊరని అడిగితే వెంటనే జవాబు రాదు.’

నిజమేనా? నేను మిమ్మల్ని చూడనే లేదు. ఈ పత్రిక చదివేది బదిలీల మీద ఊళ్లు మారే ఉద్యోగుల పిల్లలని నాకు తెలుసు, అంతే. నేనూ ఊళ్లు మారుతూ పాఠాలు చెప్పేవాడినే.

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులు 39 మందికి పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ వారి స్వభావాన్ని రాసి ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత తెలిసింది, అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! ఆ వాక్యాల్లో చాలావాటిని అతను ఒక జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నాడు.

టీవీలో ఇది వినోదం. వీధి మలుపులో ఇదే మాట చెప్పి ‘దోషం ఉంది, డబ్బు తెండి’ అంటే అది మోసం. కొత్త ఊళ్లో, దిగులుగా ఉన్నప్పుడు ‘నీ మనసు నాకు తెలుసు’ అనే మాట మనకు చాలా తియ్యగా వినిపిస్తుంది. ఆ సమయంలోనే మరింత జాగ్రత్తగా ఉండాలి.

కొత్త తరగతిలో మొదటి రోజు, పక్క బెంచీలో ఉన్నవాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారో తెలిస్తే బాగుండునని అందరికీ అనిపిస్తుంది. దానికి టీవీ విద్య ఏదీ పనికిరాదు. ‘నీ పేరేమిటి? మధ్యాహ్నం మీరు ఎక్కడ కూర్చుని తింటారు?’ అని అడగాలి. జవాబు వినాలి. రెండు రోజులు పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. గారడీ చూసి చప్పట్లు కొట్టండి, నోరు తెరిచి ఆశ్చర్యపోండి, ఇంటికెళ్లి లెక్క వేయండి. మూడూ చేయవచ్చు.

అభ్యాసం

1. కనికట్టు, హస్తలాఘవం – ఈ రెండు పదాలకూ తేడా ఏమిటి? సొంత వాక్యాల్లో రాయండి.
2. పందెంలో ఆరు గుర్రాలకు బదులు నాలుగే ఉంటే, ఐదు పందాల తర్వాత ఒక్కరు మిగలడానికి మొదట ఎంతమందికి సందేశాలు పంపాలి?
3. మీరు ఇప్పుడున్న రాష్ట్రం భాషలో ‘ఈగ’ ఆట పనిచేస్తుందా? ఆ భాష తెలిసిన మిత్రుడితో కలిసి, ఆ భాషకు సరిపోయేలా మార్చి ఆడండి.
4. ఈ వారం టీవీలో చూసిన ఒక వింత గురించి రాయండి. అందులో మీకు చూపించనిది ఏమై ఉండవచ్చు?