శనగ పూతకొచ్చింది, కొట్టం దగ్గరి పిట్టలను తరమకండి

నల్లరేగడిలో శనగ పూతకొస్తోంది. మబ్బు, తుంపర మాత్రం వదలడం లేదు. శనగపచ్చ పురుగుకు కావలసింది ఇదే. కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల్లో కంది పక్కన శనగ వేసినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కంది కాయల్లో ఎదిగిన పురుగు రెక్కలొచ్చాక గుడ్లు పెట్టేది మీ చేలోనే.

స్ప్రేయరు భుజానికెత్తుకునే ముందు గొడ్ల కొట్టం వైపు చూడండి. పసులపోలిగాళ్లు, గోరింకలు, కొంగలు తిరుగుతున్నాయా? పేడదిబ్బలో పురుగులను, గొడ్ల చుట్టూ ముసిరే ఈగలను తినే ఈ పిట్టలే చేలో దిగి ఎదిగిన పచ్చపురుగులనూ ఏరుకు తింటాయి. శనగకు వీటి అవసరం ఎక్కువ. పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా పరాన్నజీవి, ఆకు మీది పులుపు వల్ల ఈ పైరులో సరిగా పనిచేయదు. అయినా దాన్ని అంటించిన ట్రైకోకార్డులు శనగ రైతుకు అంటగట్టే డీలర్లున్నారు. కొనకండి.

ఎకరానికి 20 పక్షి స్థావరాలు, పైరు కంటే అడుగు, రెండడుగులు ఎత్తుగా ఇప్పుడే నాటండి. పురుగు కాయలు తొలిచేశాక నాటి ఏం లాభం? శనగలో అక్కడక్కడా జొన్న చల్లినవారికి ఆ మొక్కలే స్థావరాలు.

లింగాకర్షక బుట్టలో రెక్కల పురుగులు నాలుగు పడగానే పరుగున వెళ్లి పైరిత్రాయిడు తెస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పాలి? ఆ మందులకు ఈ పురుగు ఎప్పుడో మొండికేసింది. చచ్చేది సాలీళ్లు, అక్షింతల పురుగులు. మీటరు సాలుకు ఒక పురుగు కనబడేదాకా రసాయనం జోలికి పోవద్దు. పిల్ల పురుగులకు 5 శాతం వేపగింజల కషాయం గానీ, సాయంత్రం పూట పచ్చపురుగును చంపే వైరస్ (ఎన్.పి.వి.) ద్రావణం గానీ కొట్టండి. వైరస్ సోకిన పురుగును పిట్ట తింటే ఆ వైరస్ దాని కడుపులో చావదు, రెట్టతో పాటు చేలో మరోచోట పడుతుంది. ఇంత పని ఏ డబ్బా మందు చేస్తుంది?

కొట్టంలోనూ ఇదే తొందర. గోమార్లున్నాయని చూరు, దిబ్బ అంతా తడిసేలా కొట్టమని అమ్మేవాళ్లు చెబుతారు. గోమారి ఉండేది గొడ్డు ఒంటి మీద, గోడ పగుళ్లలో. మందు అక్కడికే చాలు. పిచ్చుక గూళ్లున్న చూరు మీద, పిట్టలు మేసే దిబ్బ మీద పడనివ్వకండి. ఇక నొప్పుల మందు డైక్లోఫెనాక్: రాబందులను దాదాపు తుడిచిపెట్టిన ఈ మందును పశువులకు వాడకుండా 2006లోనే నిషేధించారు. మనుషుల సీసా తెచ్చి గొడ్డుకు పొడిచేవారిని రానివ్వకండి, దాని బదులు మెలోక్సికాం అడగండి.

జొన్న: విడిగా వేసిన చేలల్లో గింజ పాలుపోసుకునే ముందే పక్షి స్థావరాలు పీకేయండి, లేకపోతే పిట్టలు గింజ తింటాయి.

వరి: మందు తిని చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చండి, లేకపోతే గుడ్లగూబలు తిని చస్తాయి.

మిరప: నల్ల తామర పురుగుకు నీలి జిగురు అట్టలు పైరు ఎత్తులో కట్టండి.