ఇస్లాంను గురించి ఏం చదవాలి?

పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ‘ముస్లిం’ అనగానే మీకు గుర్తొచ్చే మూడు విషయాలు కాగితం మీద రాయండి. మీరు ముస్లింలైతే, మీ గురించి ఇతరులు ఏమనుకుంటున్నారని మీకు తోస్తుందో రాయండి. వాటిలో కళ్లారా చూసినవెన్ని? టీవీలో, సినిమాల్లో చూసినవెన్ని?

గొడవ జరిగితే అది వార్త. గొడవ లేని రోజు వార్త కాదు. ఏళ్ల తరబడి వార్తలు మాత్రమే చూసినవారికి ఆ మనుషులకు మామూలు రోజులే లేవనిపిస్తుంది. ఆ మామూలు రోజులు పుస్తకాల్లో దొరుకుతాయి.

మొదట మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన ‘దర్గామిట్ట కతలు’ చదవండి. నెల్లూరు జిల్లా యాసలో ఒక పిల్లవాడు తన ఇంటి సంగతులు చెప్తాడు. మతాన్ని గురించి పాఠం చెప్పే పుస్తకం కాదిది. మొదట దీన్నే చదవమనడానికి కారణం కూడా అదే.

ఇంగ్లీషు చదవగలిగినవారు అఫ్సర్ మహమ్మద్ 2013లో ప్రచురించిన ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ చూడవచ్చు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి పీరుకు హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కడాన్ని ఇది వివరిస్తుంది. అయితే పీర్ల పండుగే ఇస్లాం అనుకోకండి. దాన్ని ఒప్పుకోని ముస్లింలూ ఉన్నారు. ఆ వాదన కూడా ఈ పుస్తకంలో ఉంది.

ఖురాన్‌కు తెలుగు అనువాదాలున్నాయి. చిలుకూరి నారాయణరావు గారు ఎప్పుడో అనువదించారు. ఇందులో 114 సూరాలు, అంటే అధ్యాయాలు, ఉన్నాయి. అవి అవతరించిన కాలక్రమంలో లేవు. చాలావరకు పెద్దవి ముందు, చిన్నవి చివర ఉంటాయి. కొత్తవారు చివరి సూరాలతో మొదలుపెడితే సులువు. ఎవరైనా ఒక్క వాక్యం తీసి చూపి, “చూశారా, ఇదీ ఇస్లాం!” అంటే, దాని ముందూ వెనకా ఏముందో, ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. మెచ్చుకోవడానికి చూపినా, తిట్టడానికి చూపినా ఇదే పద్ధతి.

ఎడ్వర్డ్ సయీద్ 1981లో ‘కవరింగ్ ఇస్లాం’ రాశారు. 1979లో ఇరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించాక అమెరికా పత్రికలు, టీవీ ఇస్లాంను ఎలా చూపాయో ఇందులో పరిశీలించారు. ‘కవరింగ్’ అంటే వార్త అందించడం, కప్పిపెట్టడం కూడా. పుస్తకం కొంచెం కష్టమే, తొందరపడకండి.

అంకెలు కావాలంటే 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఉంది. ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే చదువుతారని చాలామంది నమ్మకం. బడి ఈడు పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది నూటికి ముగ్గురేనని ఈ కమిటీ తేల్చింది. మిగతావారిలో బడి మధ్యలో మానేసినవారెందరో. చదువు ఎందుకు ఆగిపోతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

అభ్యాసం

1. ఈ వారం పత్రికలో ముస్లింల ప్రస్తావన ఉన్న వార్తలు గుర్తించండి. గొడవతో సంబంధం లేనివి ఎన్ని?

2. మీ శాఖా గ్రంథాలయంలో పై పుస్తకాల్లో ఏవి దొరుకుతాయో కనుక్కోండి. ఒకదానిలో పది పేజీలు చదివి, మీరు మొదట రాసిన కాగితం తీసి చూడండి. ఏ మాట కొట్టేస్తారు? ఎందుకు?